రాయి వచ్చిన దిక్కు

మొన్న మధ్యాహ్నం మా ఆఫీసులో ఎవరో జామకాయ కోశారు. కిటికీలు తెరుచుకోని అద్దాల మేడ కనుక ఆ వాసనకు బయటికి పోయే దారి లేక, చల్లగాలి గొట్టాల వెంట తిరిగి తిరిగి చివరికి నా కుర్చీ దగ్గరికే వచ్చి కూర్చుంది. ముందు పచ్చి వగరు, దాని వెనక తియ్యదనం, అన్నిటికన్నా వెనక వాన పడ్డ ఎర్రమట్టి లాంటిదేదో వచ్చింది కానీ, అది జామకాయదో నాదో చెప్పలేను. నా ఉద్యోగం, మర్యాదగా చెప్పాలంటే, కంప్యూటర్ ప్రోగ్రాములో తప్పు దొర్లినప్పుడు అది ఎక్కడ మొదలైందో వెనక్కి నడిచి కనిపెట్టడం. మర్యాద పక్కన పెట్టి చెప్పాలంటే, నేను తప్పును పట్టుకునేలోపు మా మేనేజరు నన్ను పట్టుకుంటాడు. ఈ విద్యలో ఆరితేరిన మనిషిని చిన్నప్పుడే చూసేశాను కనుక నా పనితనం మీద నాకెప్పుడూ భ్రమలు లేవు. ఆ మనిషి మా పెద్దమ్మ.

చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, బస్సు ఆగితే ఆగేది, లేకపోతే దుమ్ము చల్లి పోయేది, అలాంటి ఊరు మాది. ఊరి చివర బావిగడ్డన పెద్దమ్మ జామతోట ఉండేది. పెద్దనాన్న పోయాక ఆమెకు మిగిలినవి ఆ తోటా, దాని నడుమ ఒక నులకమంచం, ఒక్కగానొక్క కొడుకు కిష్టన్న. కిష్టన్న పట్టాళంలో చేరి ఫిరంగుల దగ్గర పని చేసేవాడు. ఫిరంగిని మా వైపు ముసలివాళ్లు తోపు అంటారు, చెట్ల గుంపునూ తోపే అంటారు కనుక, తల్లి ఒక తోపులో, కొడుకు ఒక తోపు దగ్గర కాపలా ఉన్నారని మా బాపు నవ్వించేవాడు. మిరుగం కార్తె వచ్చి, ఇంటింటా చేపల పులుసు ఉడికి, పిల్లలందరి నోట్లో ఇంగువ కలిపిన బెల్లం ఉండ కుక్కి, నాలుగు వానలు గట్టిగా పడ్డాయంటే, ఆ తోటలో పిందెలు ఉసిరికాయంత నుంచి నిమ్మకాయంతకు మారేవి. అవి పండేదాకా ఆగడం మా తరంలో ఎవరికీ చేతనయ్యేది కాదు. బడి విడిచాక పుస్తకాల సంచులు ఒకచోట గుట్ట పోసి, మా తరగతి శీనుగాడు తన పంగలకర్ర గులేరు తీసేవాడు, నాకు గులేరు సాగదీసే బలం లేక ఉత్త చేత్తోనే విసిరేదాన్ని. నా రాయి కాయకు తగిలిన సందర్భాలు తక్కువ, చెట్టుకు తగిలినవి కొన్ని, ఒకసారి మాత్రం నా వెనక ఉన్న శీనుకే తగిలింది, అదెట్లా సాధ్యమైందో ఇద్దరికీ ఈనాటికీ తెలియదు.

పెద్దమ్మ మంచం మీద మా వైపు వీపు పెట్టి కూర్చుని గోగునార పేనుతూ ఉండేది. రాయి ఆకుల్లో పడగానే తల ఎత్తేది కాదు, చెవి ఒగ్గేది. ఏ కొమ్మ కదిలింది, ఆకు ఎటు రాలింది, రాయి ఎంత జోరుగా వచ్చి ఎంత దూరం దొర్లింది, ఇవన్నీ ఆమె లోపల ఎక్కడో కలిసిపోయి లెక్క తేలేది. లేచి, చీర కొంగు నడుముకు చుట్టి, అటూ ఇటూ చూడకుండా తిన్నగా మేం దాక్కున్న పొద దగ్గరికే వచ్చేది.

"శీనుగా, కానుగ చెట్టు ఎనక ముడుసుకొని కూసున్నవ్. ముడ్డి బయటనే ఉన్నది, అది గూడ లోపలికి తీస్కో."

శీను మొక్కల దగ్గరికి పాక్కుంటూ పోయి విసిరినా, గట్టు కింద పడుకుని ఆకాశంలోకి విసిరి పక్కనుంచి పడేలా చేసినా, ఆమె నడక మారేది కాదు. దొరికినవాళ్లను కొట్టేది కాదు. బావిలోంచి బకెట్టుతో నీళ్లు తోడించి కొత్త మొక్కలకు పోయించి, తరువాత మోదుగాకులో పండు జామకాయ చీల్చి ఉప్పూకారం చల్లి ఇచ్చేది. అందుకే దొరికిపోవడంలో కొంత లాభం కూడా ఉండేది, నేనైతే ఎక్కువగా ఆ లాభం మీదే బతికాను.

మా బాపు యాదయ్య ఎర్రబస్సులో కండక్టరు. చేవెళ్ల నుంచి మెహిదీపట్నం దాకా రోజూ పోయి వచ్చేవాడు. ఆ రోజుల్లో నగరం చివర అద్దాల మేడలు లేస్తున్నాయి, బస్సు నిండా అమీర్‌పేటకు కంప్యూటర్ కోర్సులకు పోయే పిల్లలుండేవారు. వాళ్లు జావా నేర్చుకుంటున్నారని బాపు చెప్తే, ఇంట్లో రోజూ జొన్నజావ తాగే మేం, దీనికి పట్నం దాకా పోవాలా, మా అమ్మ దగ్గర నేర్చుకోవచ్చు కదా అని నిజంగానే అనుకున్నాం. ఆ పిల్లలు సీట్ల మీద వదిలేసిన పేపర్లను ఆఖరి ట్రిప్పులో బాపు ఏరుకుని, మడిచి, టికెట్ల సంచిలో పెట్టి తెచ్చేవాడు. అందుకని మా ఇంటికి లోకం ఎప్పుడూ కొంచెం చిరిగి వచ్చేది. ఒక దాంట్లో సినిమా పేజీ ఉండేది కాదు, ఇంకో దాంట్లో మిర్చిబజ్జీ నూనెకు ఒక మంత్రి ముఖం అద్దంలా అయి వెనక ఉన్న బంగారం ధరలు కనిపించేవి.

ఆ ఎండాకాలం చివర కార్గిల్ యుద్ధం కూడా మాకు అట్లాగే, చిరుగుల మధ్య నుంచి వచ్చింది. కిష్టన్న ఉన్న దళాన్ని ఆ కొండల మీదికి పంపారని మాత్రం తెలిసింది. తరువాత ఫోను లేదు. చేవెళ్లలో ఎస్టీడీ బూతాయనకు బాపు రోజూ బస్సులోంచే చెయ్యి ఊపేవాడు, ఆయన లేదన్నట్టు చెయ్యి తిప్పేవాడు, ఆ చెయ్యి సంగతి పెద్దమ్మకు చెప్పకుండా ఉండడానికే బాపు పేపరు ఎక్కువ చదవడం మొదలుపెట్టాడనుకుంటాను.

పేపర్లు ఆ రోజుల్లో రెండు దేశాల ఆయుధాలను పక్కపక్కన బొమ్మలు వేసి పోల్చేవి. సాయంత్రం మా అరుగు మీద బాపు పేపరు పరిచేవాడు, చుట్టూ మేం, గోడకు ఆనుకుని పెద్దమ్మ, చేటలో రేపటి జొన్నలు చెరుగుతూ అమ్మ. మన వైపు ఉన్న ఒక్కో ఆయుధానికి ఒక పచ్చి జామపిందె, పాకిస్తాన్ వైపు ఉన్నదానికి ఒక గులకరాయి. బాపుకు దూరాలు బస్సు స్టేజీల్లోనే అర్థమయ్యేవి, మాకూ అట్లాగే అర్థం చేయించేవాడు.

"బోఫోర్స్‌ను చేవెళ్ల బస్టాండ్ల పెట్టినమనుకో. గుండుకు టికెట్టు లేదు, పాసు లేదు. మొయినాబాద్‌ల ఆగమన్నా ఆగది. గండిపేట కట్ట దాటినంకనే దిగుడు. ఇగ ఆ కొండల మీద గాలి పల్చగుంటదట, ఇంకా ముందటికి పోతది, ఎక్స్‌ప్రెస్ లెక్క."

చప్పట్లు కొట్టేవాళ్లం, ఒక పిందె ముందుకు జరిగేది. మన ఇన్సాస్ తుపాకీ తేలిక, వాళ్ల జీత్రీ తుపాకీ గుండు లావు, ఇక్కడ బాపు కొంచెం దగ్గి పేజీ తిప్పేసేవాడు. మనకు మిరాజ్ విమానం ఉంది, గురి చూసి బాంబు దింపుతుంది. వాళ్ల దగ్గర భుజం మీద పెట్టుకుని కొట్టే స్టింగర్ ఉంది, విమానం వేడిని పసిగట్టి వేటకుక్కలా వెంటపడుతుంది. మనది స్వీడన్ నుంచి, ఫ్రాన్సు నుంచి, వాళ్లది అమెరికా నుంచి, జర్మనీ నమూనా నుంచి. ఇద్దరికీ టికెట్టు కొట్టిందీ చిల్లర తీసుకుందీ పరాయివాడే అని బాపు తన వృత్తిధర్మం ప్రకారం తీర్పు చెప్పేవాడు. అయినా రోజు చివర పిందెలు ఎక్కువగా, రాళ్లు తక్కువగా ఉండేటట్టు ఎట్లాగో లెక్క కుదిర్చేవాడు.

"అన్ని మనయే గెలుస్తయా మామా? ఒకటన్న ఆళ్లకియ్యి, లేకుంటె మజా రాదు" అన్నాడు ఒకరోజు శీను. వాడికి అది క్రికెట్టు.

పెద్దమ్మ మాత్రం గెలుపులు పట్టించుకునేది కాదు. ఆమెది రోజూ ఒకటే ప్రశ్న.

"మరి ఆళ్లది ఎంత దాంక వస్తది యాదయ్యా?"

"గదీ మొయినాబాద్ దాంక వస్తది వదినె."

"అయితె నా కొడుకు చేవెళ్ల ఉన్నట్టా, మొయినాబాద్ ఉన్నట్టా?"

అంత పెద్ద బస్సులో ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో ముఖం చూసి చెప్పగల మా బాపు, దీనికి మాత్రం పేపరు మడిచి టికెట్ల సంచిలో పెట్టేసేవాడు. తొలి ఏకాదశి వచ్చింది. అమ్మ జొన్నపేలాలు దంచి బెల్లం, యాలకులు కలిపి పేలపిండి చేసింది, దోసిట్లో పోసుకుని మాట్లాడితే ఎదుటివాళ్ల మీద పడుతుందని నవ్వుకుంటూ అందరం మూతులు బిగించి తింటున్నాం. పెద్దమ్మ తన వంతు కొంగున ముడి వేసుకుంది. కిష్టన్నకు పేలపిండి ఇష్టమని ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు.

బాపు కొత్త పేపరు విప్పాడు. ఈసారి బొమ్మ తుపాకీది కాదు, బండి మీద నిలబెట్టిన వెడల్పాటి పలక. బాపు ముందు తనలో తాను చదువుకుని ఉండాల్సింది, కానీ పలక బొమ్మ చూసి ఇదేదో మామూలు సామాను అనుకున్నాడేమో, పైకే చదువుకుంటూ పోయాడు.

"ఆళ్ల కాడ ఒక రాడార్ ఉన్నదట. అమెరికోళ్లదే. మన గుండు గాల్ల వస్తుంటెనే చూసి, అది ఎట్ల వస్తున్నది, ఎంత జోరుగ వస్తున్నది, ఎనక్కి లెక్క కట్టి, ఏ తోపు కాడినుంచి వచ్చిందో చెప్తదట. చెప్పంగనే ఆ తోపు మీద కొడ్తరట. మన కాడ గసొంటిది..."

బాపు అక్కడ ఆగాడు. ఆ తరువాతి ముక్క చిరగలేదు, చదవలేదంతే.

"అంటె పెద్దమ్మ లెక్కనా?" అన్నాడు శీను.

అందరం పగలబడి నవ్వాం. నోట్లోని పేలపిండి ఒకరి మీద ఒకరికి పడింది. పెద్దమ్మ కూడా నవ్వింది, పంటి సందున గాలి పోయే ఆమె నవ్వు, భుజాలు కదిలే నవ్వు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎట్లా ఆగిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది, గిలక మీద తాడు జారుతూ జారుతూ ముడి దగ్గర పట్టేసినట్టు.

"తప్పుతదా యాదయ్యా అది?"

"మిషినే కద వదినె. ఎప్పుడన్న తప్పుతది."

"నేనెప్పుడన్న తప్పిన్నా?"

బాపు మా వైపు చూశాడు. మేం శీను వైపు చూశాం. ఊళ్లో ఆమె చేతికి అందరికన్నా ఎక్కువ దొరికినవాడు వాడే. ఒక్కసారంటే ఒక్కసారి, తాను ఒకచోట ఉంటే ఆమె ఇంకోచోటికి పోయిందని వాడు చెప్పగలిగితే బాగుండేది. అబద్ధం చెప్పడంలో మా బడిలో మొనగాడు, ఆరోజు వాడికి ఒక్కటీ తోచలేదు. అమ్మ చేట పక్కన పెట్టి, జామపిందెలనూ గులకరాళ్లనూ కలిపి చీపురుతో వాకిట్లోకి ఊడ్చేసింది.

మరునాడు బడి విడిచాక తోట దగ్గరికి పోయాం. యుద్ధం యుద్ధమే, జామకాయ జామకాయే. శీను గులేరు కొట్టాడు, ఆకులు కదిలాయి, కాయ రాలింది. పెద్దమ్మ చెవి ఒగ్గడం మాకు కనిపించింది, నార పేనే చేతులు ఆగాయి, మెడ మేమున్న దిక్కుకు కొద్దిగా తిరిగింది. తిరిగిన మెడను ఆమె మళ్లీ అవతలికి తిప్పేసుకుంది. ఇంకో రాయి వేశాం, ఇంకోటి వేశాం. చివరికి శీను నిలబడి, ఎదురుగా పోయి, ఆమె ముందే ఒక కాయ తెంపాడు. ఆమె కళ్లు మూసుకుంది.

ఆ సాయంత్రం అమ్మ ఆరా తీసింది.

"తోటంత ఆగమైతున్నదట, ఎందుకు ఊకుంటున్నవక్కా?"

"ఇగ పట్ట. నేను పట్టకుంటె ఆ కొండల మీదిది గూడ పట్టది."

"ఏ దేవునికి మొక్కినవ్?"

"దేవునికి కాదు. ఆ మిషిన్‌కే."

ఎల్లమ్మకు బోనం, దర్గాకు కందూరు విందు, కొమరెల్లికి రంగుల ముగ్గుల పట్నం, మా ఊళ్లో కష్టానికొక మొక్కు ఉండేది. మిషినుకు మొక్కిన మనిషి మాత్రం ఆమె ఒక్కతే. పూజారి లేడు, గుడి లేదు, విన్నదో లేదో చెప్పే పూనకం లేదు. వంద మందిని ఒక్క కసురుతో ఫుట్‌బోర్డు మీంచి లోపలికి జరపగల మా బాపు, ఈ విషయంలో పెద్దమ్మను ఒక్క అడుగు కూడా జరపలేకపోయాడు.

సంగతి తెలిసి పక్క ఊరి పిల్లలు రావడం మొదలైంది. తోటను గుత్తకు మాట్లాడుకున్న వ్యాపారి ఒకనాడు వచ్చి, రాలిన పిందెలను కాలితో కదిపి చూసి, బేరం వదులుకుని వెళ్లిపోయాడు. మాకు మాత్రం చేయి లేవలేదు. తరిమేవాళ్లు లేని దొంగతనంలో రుచి ఉండదని అప్పుడు తెలిసింది. రెండ్రోజులు దూరంగా కూర్చుని పక్క ఊరివాళ్లను తరమడానికి ప్రయత్నించాం. పెద్దమ్మే మమ్మల్ని పిలిచింది.

"ఏందిరా, ఇయ్యాల మీ రాయి వడలే?"

"వద్దు పెద్దమ్మా" అన్నాను నేను.

"వద్దంటె ఎట్ల బిడ్డా? మీరు కొట్టాలె, నేను పట్టొద్దు. కొట్టకుంటె నేను పట్టనట్టు ఎట్ల తెలుస్తది?"

అట్లా మా దొంగతనం మాకు డ్యూటీ అయింది. ప్రతి సాయంత్రం, వాన పడుతున్నా, జారే గట్టు మీద వరుసగా నిలబడి, కిష్టన్న పేరు మనసులో అనుకుని జామచెట్ల మీద రాళ్లు వేసేవాళ్లం. శీను ముక్కు ఎగబీలుస్తూ గులేరు సాగదీసేవాడు. గురి లేని నేను కూడా విసిరేదాన్ని, ఈ ఒక్క పనిలో గురితో పని లేదు కనుక. పెద్దమ్మ మంచం మీద వీపు పెట్టి, కళ్లు మూసుకుని కూర్చునేది. ప్రతి రాయికీ ఆమె మెడ నరం ఒకటి మా వైపు లాగేది, ఆమె దాన్ని అదిమిపెట్టేది. ఆమెకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. తెలియకుండా ఉండడం ఆమె చేతిలో లేదు, లేవకుండా ఉండడమే ఆమె చేతిలో ఉంది.

యుద్ధం ఆగిందని పేపర్లు రాసిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం బాపు బస్సు మా ఊరి దగ్గర ఆగకుండానే హారన్ మోగించుకుంటూ పోయింది. బూతాయన చెయ్యి ఆరోజు అవునన్నట్టు ఊగిందట. డ్రైవరు సంబరంలో బస్సు ఆపే ఓపిక లేక అట్లా మోగించాడని, ఆపితే తొందరగా చెప్పొచ్చన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదని బాపు తరువాత చెప్పాడు. కిష్టన్న బతికే ఉన్నాడు.

దసరా వెళ్లాక సెలవు మీద వచ్చాడు. సన్నబడ్డాడు, ఎడమ చెవి పని చేయడం లేదు, ఆ పక్కనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. అమ్మ అతనికి మొక్కు సంగతి చెప్పింది. అతను నవ్వి, తోటకు పోయి, చిన్నప్పటిలా ఒక రాయి తీసి చెట్టు మీదికి విసిరాడు. పెద్దమ్మ కదలలేదు.

"లడాయి ఒడిసిందవ్వా. ఇగ లే."

"నీ నౌకరి ఒడిసిందా?"

అతను మంచి చెవి తల్లి వైపు ఉండేటట్టు ఆమె ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నాడు. పెద్దమ్మే మళ్లీ అడిగింది.

"నువ్వు కొట్టినయి యాడ వడ్డయి కొడుకా?"

"కొండ అవుతల. మాకు కనవడదవ్వా."

"అసలే కనవడదా?"

"కనవడది."

రాయి పడితే విసిరిన చేయి దాకా పోగల ఆమెకు, చేయి తన పక్కనే ఉండి కూడా రాయి ఎక్కడికి పోయిందో తెలియని ఈ పని అంతుబట్టలేదు.

అతని నౌకరి ఉన్నన్నాళ్లూ ఆమె పట్టలేదు. తోట ఏటా పూసింది, ఏటా దోచుకుపోయారు. రింగురోడ్డు మాటలు, సాఫ్ట్‌వేరు మాటలు మొయినాబాద్ దాటి మా దాకా వచ్చి, రోడ్డు పక్కన రంగురంగుల జెండాలు పాతి ప్లాట్లు అమ్మే రోజుల్లో, ఫలం ఇంటికి రాని తోటను ఉంచుకొమ్మని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. కొన్నవాళ్లు చెట్లు కొట్టేశారు, బావి పూడ్చారు, చుట్టూ ప్రహరీ కట్టారు. కిష్టన్న రిటైరయి వచ్చి దొంతన్‌పల్లి వైపు ఒక కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాడు. కుడిచెవి వైపు నుంచి వచ్చే కార్లకు ముందుగా సెల్యూట్ చేస్తాడని పిల్లలు నవ్వుతారట. మొక్కు ఫలించిందని అమ్మ అంటుంది. ఆ రాడారు ఆ కొండ వైపు చూడకపోయి ఉంటుందని బాపు అనేవాడు. నాకు ఏదీ తెలియదు.

కిష్టన్న కొడుకు పట్టాళంలో చేరాడు, అతనూ ఫిరంగుల దగ్గరే. ఈ మధ్య సరిహద్దు గురించి టీవీలో మళ్లీ రెండు వైపుల ఆయుధాలనూ పక్కపక్కన పెట్టి, ఇప్పుడు రంగుల్లో, పాటతో సహా చూపిస్తున్నారు. పోయిన ఆదివారం పెద్దమ్మను చూడడానికి పోయాను. టీవీ గొంతు నొక్కేసి కూర్చుని ఉంది, కళ్లు సరిగా ఆనవు, చెవి మాత్రం అదే చెవి.

"నీ ఫోన్ల అన్ని ఉంటయట కద బిడ్డా. ఇప్పుడు ఎసొంటియి వచ్చినయో జర చూడు. తప్పుతయో తప్పవో చూడు."

చూడడానికి ఎంతోసేపు పట్టదు. ఇరవయ్యేళ్లుగా అద్దాల మేడలో కూర్చుని నేను నేర్చిన విద్య అదొక్కటే. సిగ్నల్ లేదు పెద్దమ్మా అన్నాను. జామచెట్లు ఉన్న చోట, గోడ అవతల, సెల్‌టవరు మా ఇద్దరి నెత్తిన నిలబడి ఉంది.

ఆమె నమ్మినట్టే తల ఊపింది. నా అబద్ధాన్ని పట్టుకోవాలనుకోలేదు, అది నాకు తెలుస్తూనే ఉంది. కాసేపు గోడ వైపు చెవి పెట్టి కూర్చుంది. అవతల పిల్లలు లేరు, చెట్టు లేదు, ఎవరూ దేనిమీదా ఏమీ విసరడం లేదు.

"అప్పుడంటె తోట ఉండె" అంది. "ఇప్పుడు నేనేం ఇడిసిపెట్టాలె, చెప్పు."